మొదటి ట్రాక్ డేకి ఏ బండి అద్దెకి తీసుకోవాలి: బరంపురం వైపు నుంచి వెళ్లేవాళ్లకి

ఒడిశాలోని బరంపురంలో ఉండేవాళ్లకి మోటార్ సైకిల్ పోటీలు జరిగే పెద్ద ట్రాక్ అంటే చెన్నై ట్రాకే. రైల్లో వెయ్యి కిలోమీటర్ల పైమాటే. రాత్రి పొద్దుపోయాక కోరమాండల్ ఎక్కితే మర్నాడు సాయంత్రానికి చెన్నైలో దిగుతాం. అక్కణ్ణుంచి బెంగళూరు రోడ్డు పట్టుకుని శ్రీపెరంబుదూరు వైపు వెళ్తే ఇరుంగాట్టుకోట్టై దగ్గర ట్రాక్ వస్తుంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వాళ్లకైతే ముందు పలాసకో, విజయనగరానికో, విశాఖకో చేరుకోవడమే ఒక ప్రయాణం. ఇంత దూరం సొంత బండి తీసుకెళ్లేవాళ్లు తక్కువ. అందుకే మన వైపు కుర్రాళ్లకి ట్రాక్ డే అంటే దాదాపుగా అద్దె బండే.

నేను ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి తప్పు బండి తీసుకున్నాను, దాని సంగతి కింద చెప్తాను. ఈ మధ్య పర్లాకిమిడిలో ఉండే మా పిన్ని కొడుకు బయల్దేరతానని ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, కేటీఎం ఆర్‌సీ 390 ఒకటి అద్దెకి దొరుకుతోంది. బుక్ చేసేయనా?"

"పడితే ఎంత కట్టాలో అడిగావా?"

"నేనెందుకు పడతాను?"

"పడతావని కాదురా. అడిగావా లేదా?"

అడగలేదు. ఆ రాత్రి వాడికి గంటసేపు చెప్పిన మాటల్నే ఇక్కడ కాస్త సర్ది రాస్తున్నాను. అద్దె ఎంత, హార్స్ పవర్ ఎంత అన్న లెక్కలకన్నా ముందు ఆ ఒక్క ప్రశ్నకి కాగితం మీద జవాబు ఉండాలి. మొదటిసారి వెళ్లేవాడికి బండిని ఎంచుకునే అసలు కొలత అదేనని నా నమ్మకం.

ట్రాక్ డే అంటే ఏమిటో తెలియనివాళ్లకి రెండు మాటలు. ఇది పోటీ కాదు. డబ్బు కట్టి ఒక రోజు ట్రాక్ మీద నడుపుకోవడం. అనుభవాన్ని బట్టి రైడర్లని గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుని పావుగంట, ఇరవై నిమిషాల చొప్పున వంతులవారీగా వదులుతారు. ఇందులో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి ఓపెన్ ట్రాక్ డే: ఎవరి బండి వాళ్లది, ఎవరి తిప్పలు వాళ్లవి. రెండోది శిక్షణ: పొద్దున క్లాసు, తర్వాత ట్రాక్ మీద ఇన్‌స్ట్రక్టర్ మన వెనకాలో ముందో నడుస్తూ చూడటం, మళ్లీ వచ్చి ఏం తప్పు చేశామో చెప్పడం. మొదటిసారి వెళ్లేవాళ్లు రెండో రకానికే వెళ్లాలి. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

ట్రాకులు మూడింటి పేర్లు తరచూ వినిపిస్తాయి. చెన్నైది మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లది, 1990లో మొదలైంది, 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే చిన్నది, రెండు కిలోమీటర్ల చిల్లర. చిన్న ఇంజిన్ల బళ్లకి బాగుంటుంది, కానీ మనకి చెన్నై నుంచి ఇంకో రాత్రి ప్రయాణం. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 వరకు ఫార్ములా వన్ కార్ల పోటీలు, 2023లో మోటోజీపీ బైకుల పోటీ జరిగాయి. అయిదు కిలోమీటర్ల పైన పొడవు, కిలోమీటరు దాటిన స్ట్రెయిట్ (మలుపు లేని తిన్నని దారి). చిన్న బండి అక్కడ తేలిపోతుంది, పెద్ద బండి కొత్తవాడి చేతిలో ఆగదు. మొదటిసారికి అక్కడికి వద్దు. కాబట్టి ఇక చెన్నై అనుకునే మాట్లాడుకుందాం. అక్కడికి బండి సంపాదించుకునే దారులు నాలుగు, ఒక్కొక్కటీ చూద్దాం.

ఊళ్లో అద్దెకిచ్చే బండి

చెన్నైలోనూ విశాఖలోనూ రోజుకింత అని మోటార్ సైకిళ్లు అద్దెకిచ్చే షాపులు ఉన్నాయి. నల్ల నంబర్ ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి చూడండి, అవే. అన్ని దారుల్లోకీ చవకగా కనిపించేది ఇదే. మొదటిసారి నేను వెళ్లిందీ ఇలాగే. ఒక షాపులో 390 సీసీ బండి తీసుకున్నాను. ట్రాక్‌కి తీసుకెళ్తున్నానని వాళ్లకి చెప్పలేదు. ఒప్పంద పత్రం నాలుగు పేజీలు ఉంటే చివర సంతకం పెట్టాను తప్ప చదవలేదు.

రెండో సెషన్‌లో ఒక నెమ్మది మలుపులో ముందు చక్రం జారింది. వేగం తక్కువే. నాకు మోచెయ్యి వాచింది, అంతే. బండికి మాత్రం బ్రేకు లివర్, కుడివైపు కాలు పెట్టుకునే ఫుట్‌పెగ్, హ్యాండిల్ చివర, ఫెయిరింగ్ (బండి చుట్టూ ఉండే తొడుగు) మీద పొడుగాటి గీత, ట్యాంకుకి చిన్న సొట్ట. తిరిగి ఇచ్చినప్పుడు డిపాజిట్ మొత్తం ఉంచేసుకుని, ఇంకా కట్టాలన్నారు. ఏ పార్టుకి ఎంత అని అడిగితే బిల్లు చూపించలేదు. గట్టిగా అడగబోతే ఒప్పందంలో ఒక వాక్యం చూపించారు: రేసులకి గానీ రేస్ ట్రాక్ మీద గానీ వాడకూడదు. నేను సంతకం పెట్టిన వాక్యం అది. ఇక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు. మా నాన్నగారికి ఫోన్ చేసి డబ్బు వేయించుకుని రైలెక్కాను. ఆ ఫోన్ కాల్ ఇప్పటికీ గుర్తొస్తుంది.

డబ్బు సంగతి పక్కన పెట్టినా ఈ దారి మంచిది కాదు. ఊళ్లో తిరిగే బండికి చేసే సర్వీసు ఊరికి సరిపోయేలాగే ఉంటుంది. ట్రాక్ మీద ఒక ల్యాప్‌లో మనం కొట్టే గట్టి బ్రేకులు, రోడ్డు మీద వారం రోజులకీ కొట్టం. అరిగిన బ్రేక్ ప్యాడ్లు, పాత బ్రేక్ ఆయిలు మూడో ల్యాప్‌కే బయటపడతాయి, లివర్ మెత్తగా చేతికి వచ్చేస్తుంది. టైర్ల గీతలు బాగానే కనిపిస్తాయి కానీ రబ్బరు గట్టిపడి ఉంటుంది. టైరు పక్కన అండాకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో చేసిన టైరు అని అర్థం. నేను పడిన బండి టైరు మీద ఆ అంకెలు చూడటం నాకు అప్పటికి తెలియదు.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. మన దేశంలో బండి పాలసీ కాగితం తీసి "వాడకం మీద పరిమితులు" అన్న భాగం చదవండి. ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కి వర్తించదని అందులో ఉంటుంది. మీ సొంత బండి పాలసీలోనూ ఇదే మాట ఉంటుంది. ట్రాక్ డే రేసు కాదు కదా అని వాదించవచ్చు. కానీ క్లెయిమ్ వస్తుందన్న ఆశతో ట్రాక్ మీదికి వెళ్లకూడదు. ట్రాక్ మీద విరిగిన ప్రతి పార్టూ ఎవరో ఒకరి జేబులోంచే వస్తుంది. ఎవరి జేబు, ఎంత అన్నది ముందే తేల్చుకోవాలి.

శిక్షణ ఇచ్చేవాళ్ల బండి

ఇదే నా సలహా. కొన్ని శిక్షణా శిబిరాల్లో బండి కూడా వాళ్లే ఇస్తారు. టీవీఎస్ రేసింగ్ వాళ్ల అపాచీ రేసింగ్ ఎక్స్‌పీరియన్స్ అలాంటిదే. రాయల్ ఎన్‌ఫీల్డ్ ట్రాక్ స్కూల్‌లో కాంటినెంటల్ జీటీ 650 మీద నేర్పుతారు. కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ కూడా చెన్నై ట్రాక్ మీద శిబిరాలు పెడుతుంది. తేదీలు, బళ్లు, ఫీజులు ప్రతి ఏడాదీ మారుతుంటాయి, నేరుగా వాళ్లనే అడగాలి.

ఫీజు చూస్తే మొదట గుండె ఝల్లుమంటుంది. అందుకే చాలామంది ఊరి అద్దె బండి వైపు వెళ్తారు. కానీ కూడిక సరిగ్గా వేసి చూడండి. ఊరి బండికి అద్దె, డిపాజిట్, ట్రాక్ ఫీజు, పెట్రోలు, సూటు అద్దె అన్నీ విడివిడిగా పెడతారు. మీ జేబులోంచి పోయేసరికి తేడా అనుకున్నంత ఉండదు. పైగా శిక్షణ బండి ఆ ట్రాక్‌కే సిద్ధం చేసిన బండి. టైర్లు, ప్యాడ్లు, గాలి అన్నీ ఆ ఎండకి, ఆ తారుకి సరిపోయేలా పెట్టి ఉంటాయి. ఏదైనా చెడితే మెకానిక్ పక్కనే ఉంటాడు. అద్దాలు, ఇండికేటర్లు ముందే తీసేసి ఉంటారు, పడితే విరిగేవి తక్కువ. క్రాష్ గార్డులు వేసి ఉంటాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ బండి పడటం వాళ్లకి కొత్త కాదు. లివర్ విరిగితే ఇంత, ఫుట్‌పెగ్‌కి ఇంత అని వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది. కొన్నిచోట్ల ఇంతకి మించి కట్టక్కర్లేదు అని ఒక గరిష్ఠ మొత్తం కూడా పెడతారు. ఆ అంకె తెలిసిన మనిషి భుజాలు వేరేగా ఉంటాయి. నాకు ఇది అనుభవం. మొదటిసారి ఆ షాపు బండి మీద ప్రతి మలుపులోనూ డిపాజిట్ గుర్తొచ్చి చేతులు బిగుసుకుపోయాయి. చేతులు బిగిస్తే హ్యాండిల్ తనంతట తాను తిరగాల్సిన పని చెయ్యలేదు, బండి మలుపులో బయటికి పోతుంది. రెండోసారి శిక్షణ బండి మీద, ఎంత పోతుందో ముందే తెలుసు కాబట్టి, ఇన్‌స్ట్రక్టర్ మాట చెవిలోకి ఎక్కింది.

కొన్ని శిబిరాల్లో మొదటి పాఠమే ఒకే గేరులో, బ్రేకు ముట్టుకోకుండా నడపడం. యాక్సిలరేటర్‌ని మలుపులో సమంగా, కొద్దికొద్దిగా తెరుస్తూ పోవడం నేర్పడానికి అలా చేస్తారు. ఆ పాఠం చేసేటప్పుడు కింద 200 సీసీ ఉన్నా 1000 సీసీ ఉన్నా ఒకటే. అంత డబ్బు పోసి పెద్ద ఇంజిన్ అద్దెకి తీసుకున్నవాడు రోజులో సగం దాన్ని వాడనే వాడడు.

రేసింగ్ గ్యారేజీల బండి

చెన్నైలోనూ కోయంబత్తూరులోనూ పోటీలకి బళ్లు తయారుచేసే గ్యారేజీలు ఉంటాయి. కొందరు పాత రేసు బళ్లని ట్రాక్ రోజులకి అద్దెకిస్తారు. వీటి పనితనం గొప్పగా ఉంటుంది. ఫైబర్ ఫెయిరింగ్, వెనక్కి పైకి జరిపిన ఫుట్‌రెస్టులు, కింద బిగించిన హ్యాండిళ్లు, సైడ్ స్టాండ్ కూడా ఉండదు. రెండో ఏడాదికో మూడో ఏడాదికో తప్పకుండా ప్రయత్నించండి. మొదటి రోజుకి మాత్రం నేను వద్దంటాను, ముఖ్యంగా రెండు కారణాలు.

ఒకటి గేర్లు. చాలా రేసు బళ్లకి గేర్ షిఫ్ట్ తిరగేసి ఉంటుంది. మనం రోజూ కిందికి ఒకటి, పైకి అయిదు అని అలవాటు పడ్డాం. వాటికి పైకి ఒకటి, కిందికి అయిదు. మలుపు దగ్గర భయపడ్డ క్షణంలో కాలు పాత అలవాటు ప్రకారమే పోతుంది. గేరు తగ్గిద్దామనుకున్న చోట పెరుగుతుంది, పెంచుదామనుకున్న చోట తగ్గి వెనక చక్రం పట్టేస్తుంది. ఇది తెలివితేటలకి సంబంధించిన విషయం కాదు, పదేళ్ల కాలి అలవాటు అది.

రెండోది టైర్లు. స్లిక్ టైరు (గీతలు లేని రేసు టైరు) వేడెక్కితేనే పట్టు ఇస్తుంది. రేసర్లు టైర్లకి వార్మర్లు (కరెంటుతో వేడెక్కే దుప్పట్లు) చుట్టి వేడిచేసి వెళ్తారు, వెళ్లాక ఆ వేడి నిలిచేంత వేగంగా నడుపుతారు. కొత్తవాడు నెమ్మదిగా నడిపితే టైరు చల్లబడుతుంది. అంటే జాగ్రత్తగా నడిపినందుకే పట్టు తగ్గుతుంది. మామూలు స్పోర్ట్ రోడ్ టైరు మొదటిరోజు వేగానికి నిండుగా సరిపోతుంది.

అయినా గ్యారేజీ బండే తీసుకోవాలనుకుంటే, షిఫ్ట్ మామూలుగా మార్చి ఇవ్వమని, రోడ్ టైర్లు వెయ్యమని అడగండి. మంచి గ్యారేజీ అయితే చేసి ఇస్తుంది. అడిగినందుకు చిన్నచూపు చూసే చోట బండి తీసుకోవద్దు.

సొంత బండి, స్నేహితుడి బండి

సొంత బండిని రైల్లో పార్సిల్ చేయవచ్చు. ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసెయ్యాలి, గోనెపట్టాతో చుట్టించాలి, ఆర్‌సీ, గుర్తింపు కార్డు నకళ్లు ఇవ్వాలి. మనం దిగిన రోజే బండి దిగుతుందన్న నమ్మకం లేదు, అదే చిక్కు. జాతీయ రహదారి 16 మీద నడుపుకుంటూ వెళ్లడం ఇంకో దారి. రెండు రోజులు వెయ్యి కిలోమీటర్లు నడిపిన ఒంటితో ట్రాక్ ఎక్కడం, మళ్లీ అదే బండి మీద వెనక్కి రావాలన్న బెంగ. మా బండి బాగుచేసే మేస్త్రీ ఒకమాట అన్నాడు: "బాబూ, తిరిగి ఇంటికి తేవాల్సిన బండి మీద నువ్వు మనసు పెట్టి నేర్చుకోలేవు." ఆయన ట్రాక్ ఎప్పుడూ చూడలేదు కానీ సరిగ్గానే చెప్పాడు.

స్నేహితుడి బండి ఊరికే వస్తుంది కదా అనుకోవద్దు. బావమరిది బండి అయితే అసలే వద్దు.

ఎంత సీసీ

మన వైపు చాలామంది రోజూ నడిపేవి 125, 150 సీసీ బళ్లు. ట్రాక్ అనగానే మనసు 390కి, ఆ పైకి పోతుంది. యమహా ఆర్15 చూడండి: 155 సీసీ, 18.4 పీఎస్ (హార్స్ పవర్ లాంటి శక్తి కొలత), బరువు 140 కేజీల పైన కొద్దిగా. కేటీఎం ఆర్‌సీ 390కి 373 సీసీ, 43.5 పీఎస్, 172 కేజీలు. బరువులో తేడా 30 కేజీలే, శక్తిలో రెండు రెట్లకి పైనే. మధ్యలో అపాచీ ఆర్ఆర్ 310: 312 సీసీ, 174 కేజీలు, 2017లో వచ్చినప్పుడు 34 పీఎస్, కొత్త వాటికి 38. కాంటినెంటల్ జీటీ 650 వేరే స్వభావం. 47 పీఎస్ ఉన్నా 210 కేజీల పైన బరువు, శక్తి నిమ్మళంగా వస్తుంది, కానీ బ్రేకు దగ్గర ఆ బరువంతా మన చేతుల మీదికి వస్తుంది.

శక్తి ఎక్కువైతే జరిగేది ఒక్కటే: మలుపు దగ్గరికి ఎక్కువ వేగంతో చేరతాం. ఆగడానికి కావలసిన దూరం వేగపు వర్గం లెక్కన పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లు. గంటకి 110 కిలోమీటర్ల వేగం నుంచి ఆగే దూరంతో పోలిస్తే 155 నుంచి ఆగడానికి దాదాపు రెట్టింపు కావాలి. వేగం పెరిగింది సగం కూడా కాదు, దూరం మాత్రం రెట్టింపు. ట్రాక్ కొత్త, బ్రేకు ఎక్కడ పట్టాలో గుర్తులు ఇంకా కంటికి అలవాటు కాలేదు. అలాంటప్పుడు 155తో మలుపు మీద పడటం ఎందుకు? చిన్న బండి మీద స్ట్రెయిట్‌లో ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. మలుపులో పోగొట్టుకున్న వేగం మళ్లీ తొందరగా రాదు కాబట్టి, లైను (మలుపులో బండి పోవాల్సిన దారి) సరిగ్గా పట్టుకుని వేగాన్ని మలుపులోనే కాపాడుకోవడం నేర్చుకుంటాం. 390 మీద ఆ తప్పుని కుడి మణికట్టు కప్పిపుచ్చుతుంది, సాయంత్రానికి ఏం తప్పు చేశామో తెలియకుండానే ఇంటికి వస్తాం.

కాబట్టి రోజూ 100, 125 నడిపేవాళ్లు 150 నుంచి 200 సీసీ మధ్య తీసుకోండి. ఆర్15, పల్సర్ ఎన్ఎస్ లాంటివి ఏళ్లుగా నడుపుతున్నవాళ్లు 310 దాకా వెళ్లవచ్చు, శిక్షణతో అయితేనే. సొంతంగా 390 ఉండి దాని మీద చెయ్యి తిరిగినవాళ్లు 390 తీసుకోవచ్చు. జీటీ 650 పొడుగ్గా, దిట్టంగా ఉండే మనిషికి హాయిగా ఉంటుంది, చిన్న స్పోర్ట్ బండి మీద మోకాళ్లు మడుచుకుని కూర్చోలేనివాళ్లకి మంచిది. వాటి పై బళ్లు ఎవరికీ మొదటిరోజుకి అక్కర్లేదు. పాదాలు రెండూ నేలకి ఆనుతున్నాయా లేదా అన్నది కూడా చూసుకోండి. ట్రాక్ మీద దాని పని లేకపోయినా, ట్రాక్ పక్కన బళ్లు నిలిపే పిట్ లేన్‌లో ఆగేటప్పుడు చాలా బళ్లు పడిపోతాయి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆదివారం పొద్దున బరంపురం దగ్గరి తప్తపాణి ఘాట్‌లో మోకాలు నేలకి ఆనించాలని చూసే కుర్రాళ్లని నేను చాలాసార్లు చూశాను. ఎదురుగా బస్సు రావచ్చు, మలుపు అవతల ఆవు పడుకుని ఉండవచ్చు, కొండ మీంచి కొట్టుకొచ్చిన కంకర ఉండవచ్చు. ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకి పోతారు, పక్కన ఖాళీ నేల ఉంటుంది, మలుపు మలుపుకీ జెండాతో హెచ్చరించే మార్షల్ ఉంటాడు, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. ఇంట్లో అలాంటి కుర్రాడు ఉంటే తిట్టి బండి తాళం దాచేకన్నా చెన్నైకి టికెట్ కొనివ్వండి.

సంతకం పెట్టేముందు

ఏ దారిలో వెళ్లినా ఇవి అడగాలి, జవాబు వాట్సాప్‌లో అయినా సరే రాతలో తెచ్చుకోవాలి. పడితే ఏ పార్టుకి ఎంత, పైన ఎంత వరకు? నా తప్పు లేకుండా వెనకనుంచి ఇంకొకరు గుద్దితే ఎవరు కడతారు? ఇంజినో క్లచ్చో దానంతట అదే పోతే నా బాధ్యతా, వాళ్లదా? బండి మధ్యాహ్నం మొరాయిస్తే ఇంకోటి ఇస్తారా, డబ్బు తిరిగిస్తారా? పెట్రోలు, టైర్లు అద్దెలో కలిసే ఉన్నాయా? డిపాజిట్ ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుంది? ఉదాహరణకి అద్దె 8 వేలు, డిపాజిట్ 30 వేలు, గరిష్ఠం లేని బండి ఒకటి, అద్దె 14 వేలు, 20 వేలకి మించి కట్టక్కర్లేని బండి ఒకటి ఉన్నాయనుకోండి. నేను రెండోదే తీసుకుంటాను. దాంట్లో ఎంత చెడ్డ రోజైనా బండి ఖర్చు 34 వేల దగ్గర ఆగిపోతుంది. మొదటిదాంట్లో ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు.

ఒప్పందం ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉంటుంది. ఒకరోజు ముందే ఫోన్‌కి పంపమనండి, తీరిగ్గా చదివించుకోండి. బండి చేతికివ్వగానే నాలుగు వైపులా, ఫెయిరింగ్ కింద, లివర్ల చివర్లు, ఫుట్‌పెగ్‌లు దగ్గరనుంచి వీడియో తీసి అక్కడికక్కడే వాళ్లకి పంపండి. ట్రాక్ వాళ్లు ఇచ్చే బాధ్యత కాగితం కూడా చదవండి, దెబ్బ తగిలితే మేం బాధ్యులం కాదు అనే ఉంటుంది అందులో. మీ ఆరోగ్య బీమా, ప్రమాద బీమా ట్రాక్ మీద దెబ్బలకి వర్తిస్తాయో లేదో కంపెనీని రాతలో అడగండి. పాలసీకీ పాలసీకీ తేడా ఉంటుంది.

సూటు, హెల్మెట్

హెల్మెట్ మాత్రం సొంతది తీసుకెళ్లండి. తల మొత్తం మూసేది, గడ్డం కింద రెండు రింగుల పట్టీ ఉన్నది అయితే మేలు. దాని మీద ఏ భద్రతా ముద్రలు ఉండాలో నిర్వాహకులని ముందే అడగండి. బూట్లు చీలమండ పైదాకా, గ్లౌజులు మణికట్టు దాటి ఉండాలి. వీపుకి బ్యాక్ ప్రొటెక్టర్ కావాలి. లెదర్ సూటు మొదటిసారి కొనక్కర్లేదు, అద్దెకి దొరుకుతుంది. ఒకటే ముక్కగా ఉన్నది మంచిది. రెండు ముక్కలదైతే నడుము చుట్టూ జిప్పు పూర్తిగా పడేది కావాలి, లేకపోతే జారేటప్పుడు పైది పైకి పోయి వీపు చర్మం తారుకి తగులుతుంది.

సూటు సైజు దగ్గరే మన వైపు వాళ్లకి ఇబ్బంది. ఎల్, ఎక్స్ఎల్ అని చెప్పి బుక్ చేస్తే అక్కడికి వెళ్లాక పట్టదు. మీ వీధి దర్జీ దగ్గర ఛాతీ, నడుము, తొడ, భుజం నుంచి మణికట్టు దాకా, కాలి లోపలి పొడవు కొలతలు తీయించి సెంటీమీటర్లలో పంపండి. వేసుకున్నాక గొంతుక్కూర్చుని చూడండి. నిలబడితే బిగుతుగా, వంగి కూర్చుంటే సరిగ్గా ఉండాలి. లోపల పలచటి చెమట పీల్చే బట్ట వేసుకోండి. సెషన్ సెషన్‌కీ ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో తాగండి. చెన్నై ఎండలో తోలు సూటు వేసుకున్నవాడికి దాహం వేసేసరికే ఆలస్యమైపోతుంది.

ఎప్పుడు వెళ్లాలి

అక్టోబరు, నవంబరులో పెట్టుకోవద్దు. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు, మన తీరంలో తుఫాన్లు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు. అలాంటప్పుడు రైళ్లు ఆగిపోతాయి, కట్టిన ఫీజు తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. ఏప్రిల్, మే ఎండలు కొత్తవాళ్లకి కష్టం. జనవరి నుంచి మార్చి మొదటి వారాల వరకు ఉన్న తేదీలు చూడండి, అవి త్వరగా నిండిపోతాయి.

మా తమ్ముడు చివరికి 390 వదిలేసి, శిక్షణతో కలిపి ఇచ్చే 200 సీసీ బండికి అడ్వాన్సు కట్టాడు. పార్టుల రేట్ల కాగితం అడిగితే రెండు రోజులకి పంపారు, నాకు ఫార్వర్డ్ చేశాడు. గరిష్ఠం ఎంతో చివరి వరసలో స్పష్టంగా ఉంది. కొలతలు వాళ్ల రాజవీధి దర్జీ తీశాడట. తిరుగు టికెట్ అదే రాత్రికి తీసుకోబోతే ఆపాను. రోజంతా బండి మీద వంగి, లేచి, తొడలతో ట్యాంకుని పట్టుకుని ఉన్నాక మెట్లు ఎక్కడమే కష్టంగా ఉంటుంది. ఆ రాత్రి శ్రీపెరంబుదూరులోనే గది తీసుకుని పడుకుని, మర్నాడు రైలెక్కమన్నాను. కింది బెర్తు దొరికిందట.